చిటికెడు మేత

"ఏం చేస్తున్నారక్కడ?"

డాక్టరు గొంతుకి పెద్దాయన ఉలిక్కిపడ్డాడు. వేళ్ళ మధ్య ఉన్న మేత పొడి కాస్తా అక్వేరియంలో పడిపోయింది.

"ఏం లేదు బాబూ. చేప ఆకలిగా చూస్తుంటేనూ..."

"రోజూ ఇదే పనా?"

"చిటికెడేగా బాబూ!"

ఆ పళ్ళ డాక్టరుకి శుభ్రం పిచ్చి. భార్య పోయాక అది మరీ ముదిరింది. మేడమీద ఇల్లు, కింద క్లినిక్కు. రెండింట్లోనూ దువ్వెన కూడా చోటు తప్పదు. ఈమధ్యనే, ఏమీ తోచక, పేషెంట్లు కూర్చునే గదిలో చిన్న ఉప్పునీటి అక్వేరియం పెట్టుకున్నాడు. వేలెడంత పగడాలు, ఒక నారింజ రంగు చేప. ఆయన కాక ఆ కప్పు కింద ప్రాణమున్నవి అవే.

నీళ్ళలో ఫాస్ఫేట్ పెరిగితే నాచు పడుతుందని ఎక్కడో చదివాడు. దాన్ని పీల్చేసే మందు సంచి ఒకటి తెచ్చి లోపల వేలాడదీశాడు. చేపకి మేత కూడా పిసినారి పెళ్ళివడ్డనలా విదిలించేవాడు. అలాంటి నీళ్ళలో ఈ పెద్దాయన చెయ్యి పెడితే ఒళ్ళు మండదూ?

పెద్దాయనకి పళ్ళసెట్టు కట్టింది డాక్టరే. అప్పటినుంచీ రోజూ సాయంత్రం, ఆఖరి పేషెంటు వెళ్ళే వేళకి దిగేవాడు. ఒకరోజు సెట్టు వదులైందంటాడు, మర్నాడు బిగుతైందంటాడు. చూస్తే భేషుగ్గా ఉంటుంది. ఆ వంకన కూర్చుని చేప సంగతి, వాన సంగతి, డాక్టరు అన్నం తిన్నాడా లేదా అన్న సంగతి. రిసెప్షన్ అమ్మాయి ఆయనకి 'వదులు తాత' అని పేరు కూడా పెట్టేసింది.

"ఇంట్లో ఎవరూ లేనట్టున్నారు సార్. పొద్దుపోక వస్తాడు," అనేది.

డాక్టరుకి జాలేసేది. జాలికన్నా విసుగు ఎక్కువ వేసేది.

ఆ రోజు విసుగే గెలిచింది.

"ఇది మీ కాలక్షేపానికి కాదండీ. సెట్టు బాగానే ఉంది. ఇక రానక్కర్లేదు."

పెద్దాయన చెయ్యి చొక్కాకి తుడుచుకున్నాడు. నవ్వబోయి మానుకున్నాడు.

"సరే బాబూ. నువ్వు మాత్రం వేళకి తిను."

మర్నాడు రాలేదు. ఆ తర్వాతా రాలేదు.

హమ్మయ్య అనుకున్నాడు డాక్టరు. అనుకున్నాడే గానీ, షట్టరు దించేటప్పుడు 'వస్తా బాబూ' అనే మాట వినపడక గది బోసిగా ఉండేది.

కొన్నాళ్ళకి పగడాల రంగు దిగడం మొదలైంది. ముందు ఊదా రంగుది, తర్వాత ఆకుపచ్చది. విచ్చుకోవడం మానేసి పాలిపోయాయి. ఇసుక మీద గోధుమ రంగు జిగురు కట్టింది. ఆయన ఇంకా శుభ్రం చేశాడు. అవి ఇంకా పాలిపోయాయి.

డాక్టరుకి భయం పట్టుకుంది. ఇవీ పోతే మిగిలేది తనొక్కడే.

సీసాలో ఆ నీళ్ళు పట్టుకుని అక్వేరియం కొట్టుకి పరిగెత్తాడు. కొట్టు నడిపే ఆవిడ అందులో పరీక్ష చుక్కలు వేసి చూసింది. నీళ్ళకి రంగే రాలేదు.

"ఫాస్ఫేట్ బొత్తిగా లేదండీ."

"లేకపోవడం మంచిదేగా?"

"ఎక్కువైతే నాచు, అసలు లేకపోతే పస్తు. చేప తిని వదిలిన దాంట్లోంచే పగడాలకి కూడు. కొత్త తొట్టి, ఒక్క చేప, పైగా మేత తక్కువ. ఉన్న కాస్తా మీ సంచి లాగేసింది. అది తీసెయ్యండి. మేత కొంచెం పెంచండి."

"మరి మొన్నమొన్నటిదాకా బాగానే ఉన్నాయే?"

"మీకు తెలీకుండా ఎవరో పెడుతూ ఉండాలి," ఆవిడ నవ్వింది. "వాళ్ళకో దండం పెట్టుకోండి."

డాక్టరు నవ్వలేకపోయాడు.

సంచి తీసేశాడు. మేత పెంచాడు. ఊదా రంగు పగడం దక్కలేదు. ఆకుపచ్చది మాత్రం ఒకరోజు మెల్లగా ఒళ్ళు విరుచుకుంది. ఆ సంతోషం చెప్పుకుందామంటే చుట్టూ గోడలు తప్ప ఎవరూ లేరు.

ఆ సాయంత్రమే మేత డబ్బా జేబులో వేసుకుని, రిసెప్షన్ అమ్మాయి పేషెంట్ల పుస్తకంలో చూసి చెప్పిన సందులోకి బయలుదేరాడు. క్షమించమని అడగాలి. 'రోజూ వచ్చి మీరే వెయ్యండి' అని డబ్బా చేతిలో పెట్టాలి. పాపం, ఏ ఇరుకు గదిలో ఒక్కడూ గోడలు చూస్తూ కూర్చున్నాడో!

తీరా వెళ్తే గుమ్మం ముందు అడుగు పెట్టే చోటు లేదు. అన్నీ చెప్పులే. లోపల పిల్లల గోల. ఎవరో పాడుతున్నారు, ఎవరో వాళ్ళని కసురుతున్నారు. ఇల్లు తప్పాననుకుని వెనుదిరగబోతుంటే, చంకలో పసిపిల్లతో ఒకావిడ బయటికి వచ్చింది.

"ఎవరు కావాలండీ?"

"పెద్దాయన... పళ్ళసెట్టు పెట్టుకునే పెద్దాయన..."

ఆవిడ మొహం వాడిపోయింది. "మామయ్యగారు పోయారండీ. నిద్రలోనే. నెల దాటింది."

డాక్టరు జేబులో డబ్బాని గట్టిగా పట్టుకున్నాడు.

"నేను పళ్ళ డాక్టర్నమ్మా. సెట్టు సరిగ్గా లేదని రోజూ అనేవారు. నేనే సరిగ్గా చూడలేదేమో..."

"అయ్యో, ఆ డాక్టరుగారు మీరేనా!" ఆవిడ కళ్ళు తుడుచుకుంది. "సెట్టు ఒక్కరోజూ ఇబ్బంది పెట్టలేదండీ, చివరిదాకా దాంతో వేరుశనగలు కూడా నమిలారు."

"మరి రోజూ ఎందుకు..."

"ఇంతమందిమి ఉండగా పొద్దుగూకేసరికి ఎక్కడికి మామయ్యగారూ అంటే, 'ఆ డాక్టరు బాబుకి పలకరించే దిక్కు లేదమ్మా, సెట్టు వదులైందని చెప్పి కాసేపు తోడు కూర్చుని వస్తా' అనేవారు."