కొంగకు కొత్త కుచ్చు

ఎప్పటి మాటో గానీ, ఒక కొంగ రోజూ గేదె ఒంటిమీద నెత్తురు తాగే గోమార్లు ఏరుకుని తినేది. జతకట్టే కాలం వచ్చి నెత్తిన నారింజరంగు కుచ్చు మొలిచేసరికి, దాన్ని నిక్కించుకుని మురిసిపోతూ పనికి వెళ్లింది.

"గేదక్కా, కళ్లు మూసుకో. రెప్ప మీద గోమారి ఉంది."

"పెళ్లికొడుకులా తయారై వచ్చావు. నీ ధ్యాస ఎక్కడుందో ఏమో! కంట్లో పొడిచావంటే?"

"నిన్నటి ముక్కే కదక్కా ఇది!"

"ముక్కు నిన్నటిదే. నెత్తే మారింది."

కొంగకు ఉక్రోషం వచ్చింది, ఆకలీ వేసింది. మడుగులో తల ముంచి, కుచ్చు అణిగేలా దువ్వుకుని వచ్చింది. గేదె నిశ్చింతగా కళ్లు మూసుకుంది. ఒక్క లాగుకు గోమారి ఊడొచ్చింది.

"హమ్మయ్య! ఇక కుచ్చు ఆరబెట్టుకో తమ్ముడూ," అంది గేదె. "నా వీపెక్కి నిలబడు. అవతలి గట్టు మీది కొంగమ్మాయికి కూడా కనబడతావు."