ఎలక్ట్రాన్ల పరదా

“ఆ పరదా తియ్యమాక బేటీ, అట్నే ఉండనీ,” అన్నాడు మీరా సాహెబ్ మంచం మీద ఒత్తిగిలి.

తండ్రికి అనుమానం రాలేదని, పరదా సర్దుతున్న సబీహా ఊపిరి పీల్చుకుంది. నరసరావుపేటలోని ఆ చిన్న ఆసుపత్రి గదిలో ఉన్నవి రెండే మంచాలు. పరదా అవతలి మంచం మీద ఉన్నది ఆమె తమ్ముడు ఆదిల్. ఊపిరితిత్తులు పాడైపోయాయి, డాక్టర్లు ఆశ వదిలేశారు. సాయిశ్రీని పెళ్ళాడినందుకు, చచ్చినా వాడి మొహం చూడనని తండ్రి ఒట్టు పెట్టుకున్నాడు. తమ్ముడి సంగతి తల్లికి చెప్పుకుని ఆమె ఏడ్చిన మర్నాడే, తండ్రి తన మోటార్ వైండింగ్ షాపులో గుండె పట్టుకుని కూలబడ్డాడు. ఖాళీగా ఉన్న మంచం ఇదొక్కటేనంది నర్సు జెస్సీ. ఇద్దర్నీ ఒకేసారి ఇట్లా చూడాల్సొచ్చిందే అని సబీహా కుమిలిపోయింది. తండ్రికి సెలైన్ కూడా పెట్టలేదు. పెట్టినా లాభం లేదేమోనని ఆమె భయం.

“కాలేజీలో చెబుతావే, ఆ చల్లటి సూర్యుడి సంగతి చెప్పు. బిగ్గరగా చెప్పు, సరిగ్గా వినపడటంలా.”

“రెండు హైడ్రోజన్ కేంద్రకాలు కలిస్తే చానా శక్తి పుడుతుంది అబ్బాజాన్. కానీ రెండిటిదీ ఒకే ఛార్జి. దగ్గరికొస్తే తోసేసుకుంటాయి.”

“మనింటి మొగోళ్ళ మాదిరి.”

సబీహా ఉలిక్కిపడింది. అవతల దగ్గు ఆగింది.

“సూర్యుడిలో అయితే కోటిన్నర డిగ్రీల వేడికి కలుస్తాయి. పల్లేడియం లోహంలో కుక్కితే మధ్యన ఎలక్ట్రాన్లు పరదాలాగా కమ్ముకుంటాయని, ఒకదాని పంతం ఇంకోదానికి తెలీక అంత వేడి లేకుండానే కలిసిపోతాయని కొందరంటారు.”

“రుజువైందా?”

“లేదు. చానామంది కొట్టిపారేశారు. ఒట్టి ఊహే.”

“ఊహైతే ఏంది? బాగుంది. రేపు మళ్ళీ చెప్పు.”

రోజూ అదే కథ. ఆయన అడగడం, ఆమె చెప్పడం, అవతల దగ్గు కాసేపు ఆగడం.

ఒక పొద్దున సబీహా వచ్చేసరికి ఆదిల్ పోయాడు. సాయిశ్రీ నోట్లో కొంగు కుక్కుకుని ఏడుస్తోంది. ఇవతల మీరా సాహెబ్ గోడవైపు తిరిగి పడుకుని ఉన్నాడు.

“ఆ కథ చెప్పు బేటీ,” అన్నాడు. “ఇవాళ మెల్లగా చెప్పినా పర్లేదులే.”

ఆమె బయటికి పరుగెత్తి జెస్సీ చేతులు పట్టుకుంది.

“తమ్ముడు పోయాడని ఆయనకెట్టా చెప్పేది జెస్సీ? ఆ గుండె తట్టుకుంటుందా?”

జెస్సీ తల దించుకుంది.

“మీ నాన్నకి ఏ జబ్బూ లేదక్కా, ఆ మంచం కోసమే చేరాడు.”