మీరు చూసిన మనిషినే

సాయంత్రం అయిదులోగా జవాబు పంపాలి, రేపు ఉదయమే చేరాలి. పంపకపోతే ఉద్యోగం ఇంకొకరికి ఇచ్చేస్తామని కంపెనీ వాళ్ళు మెయిల్లో మర్యాదగానే రాశారు.

పన్నెండో ఇంటర్వ్యూలో సునీల్‌కుమార్‌కు దక్కిన ఉద్యోగమిది. ఇదీ పోతే చిత్తూరులో మేనమామ పురుగుమందుల అంగట్లో కూర్చోవాల్సిందే. ఆ మామ నోటికంటే పురుగుమందే నయమని అతని అభిప్రాయం.

అలాంటి రోజున అతను తిరుమల బస్సులో ఉన్నాడు. అంతా వాళ్ళమ్మ నిర్మలమ్మ చలవ. కొడుక్కి ఉద్యోగం రావాలని ఆమె మొక్కుకుంది. వస్తుందో రాదో తెలియకుండానే రెండు నెలల ముందు ముగ్గురికీ దర్శనం టికెట్లు తీసిపెట్టింది. నిన్న సాయంత్రం ఆఫర్ వచ్చింది. టికెట్లు ఈరోజుకే ఉన్నాయి.

“స్వామే తారీకు కలిపినాడు,” అంది నిర్మలమ్మ. “మొక్కు తీరకముందే నువ్వు ఊ అంటే ఆయనకి కోపమొస్తాది. దర్శనమైనాకే జవాబు.”

“సరేమ్మా, పంపేది తర్వాత. రాసేది ఇప్పుడే రాసి పెట్టుకుంటాం,” అంది చెల్లెలు లోహిత. ఆమె ఎంబీఏ రెండో సంవత్సరం. ఇంకా ఎక్కడా ఉద్యోగం చేయలేదు కాబట్టి సలహాలకు కొదవలేదు.

సునీల్ ఫోన్లో టైపు చేశాడు: ‘సార్, మీ కాళ్ళకు దండం.’

లోహిత ఫోన్ లాక్కుంది. “కాళ్ళు తీసెయ్ అన్నా. ప్రొఫెషనల్‌గా ఉండాల.”

కాళ్ళు తీసేశారు. దండం కూడా తీసేశారు. ఘాట్ రోడ్డు మలుపుల్లో ఆమె అటూ ఇటూ ఊగుతూ, మంచి ఇంగ్లీషులో కృతజ్ఞతలు రాసింది.

“ఒక ముక్క అడుగుదామా?” అన్నాడు సునీల్. “సబ్బుల కాడ్నించి అగరుబత్తీల దాకా అన్నీ చేసే కంపెనీ అది. ప్రచార విభాగం అని రాసినారు, సరే. ఏం సూసి నన్ను తీసుకున్నారో తెలీలేదు. ఆడ నేను ఒక్క ప్రశ్నకీ సరిగ్గా సెప్పలేదు. ఒకామె నన్ను కిటికీ కాడ నిలబెట్టి, అటు తిరుగు, ఇటు తిరుగు అనింది. అంతే.”

“బాడీ లాంగ్వేజ్ సూసింటారు. ఇచ్చినాక ఎందుకిచ్చినారని అడిగితే వాళ్ళకే అనుమానమొస్తాది. గమ్మునుండు.”

లోహిత చివరి వాక్యం రాసి, తనే మురిసిపోయి చదివి వినిపించింది. దాని అర్థం ఇది: ‘ఇంటర్వ్యూలో మీరు చూసిన మనిషిగానే, ఏ మార్పూ లేకుండా, రేపు ఉదయం మీ ముందుంటాను.’

“మాట మీద నిలబడేవాడని తెలుస్తాది,” అంది.

కొండ మీద పనులు చకచకా జరిగాయి. కల్యాణకట్టలో గుండు, స్నానం, నెత్తిన చందనం. ఫోన్లు ఒక సంచిలో పెట్టి కౌంటర్లో అప్పగించి, రసీదు జేబులో వేసుకుని క్యూలో చేరారు.

అక్కడ నడక ఆగిపోయింది. సునీల్ గుండె మాత్రం పరుగెడుతోంది. చుట్టుపక్కల గడియారం ఉన్నది ఒక్క పెద్దాయనకే.

“టైమెంతప్పా?”

“మూడున్నర.”

చాలాసేపటికి మళ్ళీ అడిగాడు.

“మూడున్నరే,” అన్నాడాయన నిబ్బరంగా. “పోయిన వారం ఆగిపోయినాది ఇది.”

సునీల్‌కు ఏడుపొచ్చింది. స్వామి ఎదుట నిలబడ్డ రెండు క్షణాల్లో అందరూ ఏవేవో కోరుకున్నారు. అతను కోరింది సిగ్నల్ ఒక్కటే.

బయటికొచ్చేసరికి నాలుగూ నలభై ఆరు. ఫోన్ల కౌంటర్ దగ్గర ఇంకో క్యూ. జేబులోని రసీదు చెమటకు తడిసి ముద్దయింది. అందులో అంకె మూడా ఎనిమిదా అని కౌంటర్ ఆయన కళ్ళజోడు తీసి, తుడిచి, పెట్టుకుని చూశాడు.

“సామీ, నా బతుకు ఆ సంచిలో ఉండాది!” అని అరిచాడు సునీల్.

సంచి వచ్చింది. నాలుగూ యాభై అయిదు. బ్యాటరీ మూడు శాతం. సిగ్నల్ లేదు. సునీల్ పరుగెత్తాడు. వెనకాల లోహిత, ఆమె వెనకాల లడ్డూల సంచితో నిర్మలమ్మ. ఒక అరుగెక్కి ఫోన్ పైకెత్తాడు. ఒక గీత కనబడింది. నొక్కాడు.

నాలుగూ యాభై ఎనిమిదికి జవాబు వెళ్ళింది.

“పోయింది లోహితా, పోయింది!” అంటూ అరుగు మీదే గంతులేశాడు. నిర్మలమ్మ కళ్ళనీళ్ళతో కొడుకు నున్నటి గుండు నిమిరి, లడ్డూ తుంచి నోట్లో పెట్టింది. అంత సంతోషం వాళ్ళ ముగ్గురికీ ఈ మధ్య కాలంలో లేదు.

లడ్డూ మింగకముందే ఫోన్ మోగింది. కంపెనీ మెయిల్. లోహిత గట్టిగా, అప్పటికప్పుడే తెలుగు చేసి చదివింది:

“చాలా సంతోషం సునీల్‌కుమార్ గారూ, రేపు తొమ్మిదికి మా కొత్త తలనూనె ప్రకటనకు ఫొటోలు తీస్తాం, అరవై మందిలో మిమ్మల్ని ఎంచుకున్నదే ఆ ఒత్తయిన జుట్టు చూసి కాబట్టి, దువ్వెన కూడా పెట్టకుండా, మీరన్నట్టే ఏ మార్పూ లేకుండా వచ్చేయండి.”