ఎర్ర చీటీ

"అక్కా, దీనికి పచ్చ చీటీ నీ చేత్తోనే అంటించాలి," అంటూ చెల్లెలు తన మొదటి పుస్తకాన్ని గ్రంథాలయంలో నా బల్ల మీద పెట్టింది.

అక్కడ నా పని అదే. కథలకు నీలం, కవితలకు పచ్చ, నాటకాలకు ఎరుపు. నా చదువు అంతంతమాత్రం కాబట్టి రెండు పేజీలు చూడందే రంగు తేల్చను.

తెరిచాను. "ఆవిడ్ని తీసుకుపో స్వామీ, నా చేతులు అలిసిపోయాయి" అని ఉంది.

మా అత్తగారు మంచం పట్టిన మూడేళ్లూ తెల్లవారుజామున దేవుడి ముందు నేను ఏడ్చిన మాట అది. అప్పుడు చెల్లెలు మా ఇంట్లోనే ఉండేది.

"నువ్వు నిద్రపోయేదానివి కదే?"

"లేదక్కా, పక్కగదిలోంచి విని రాసుకునేదాన్ని. అంత మంచి మాటలు దేవుడొక్కడే వింటే ఏం లాభం, నలుగురూ వినొద్దూ?"

"మీ బావగారు చదివితే? అది వాళ్లమ్మ గురించేనని పోల్చుకోరా?"

"నీ పేరు పెట్టలేదులే. కవిత్వమంటే ఎవరి మనసులో మాటైనా కావచ్చు."

దేవుడు విన్నాడో లేదో నాకు ఇప్పటికీ తెలియదు. ఇది మాత్రం విన్నది.

ఎర్ర చీటీ తడిపి అంటించాను.

"అదేంటి, అది నాటకాలకు కదా!"

"ఒకరు ఏడుస్తుంటే ఇంకొకరు చీకట్లో కూర్చుని చూసేది నాటకమే కదే. ప్రేక్షకులున్నారని నాకే తెలియదు."