ఇంజిన్ మర్యాద

ఇంజిన్లు తమ జబ్బు తామే చెప్పుకోవడం మొదలెట్టాక ఎల్లాజీ రెంచి పట్టడమే మానేశాడు. భీమిలి పడవ పందెంలో ముందున్న అతని పడవ, సరిగ్గా వేగం అందుకోగానే నీరసించి ఆగిపోయింది. వెనకున్నవాళ్లంతా దాటిపోయారు.

“ఏటైందే నీకు?” అన్నాడు.

“పెట్రోలు అందట్లేదండి. పంపు బాగుంది, ఫిల్టరు శుభ్రంగా ఉంది” అంది ఇంజిన్ వినయంగా.

ఎల్లాజీ ట్యాంకు మూత తిప్పాడు. బుస్సుమని గాలి లోపలికి పోయింది. నిన్న గంగమ్మ పూజలో అతని భార్య నూకరత్నం మూతకి మెత్తిన పసుపు, ట్యాంకులోకి గాలి పోయే చిన్న కన్నాన్ని పూడ్చేసింది; గాలి అందక పంపు పెట్రోలు లాగలేకపోయింది.

“ఇది నీకు తెలీదా?”

“పూజ జరుగుతుండగానే తెలిసిందండి. ఎవరి భక్తి జోలికీ పోవద్దని మాకు నేర్పారు. పైగా అమ్మగారు నాకూ బొట్టు పెట్టారు.”