బొమ్మ తెరుచుకునేదాకా

తెర మీద మళ్ళీ అదే మాట వచ్చింది. లైబ్రరీ దొరకలేదు.

స్కాన్ గదిలో డాక్టరు ఆమె వెనకే నిలబడి ఉన్నాడు.

"ఏం చేశావమ్మాయ్?"

"బొమ్మలు చూపించే ప్రోగ్రాం పొద్దున కొత్తది వేశాను సార్. అది పాత లైబ్రరీని తీసేసింది. కొత్త లైబ్రరీ ఈ పాత కంప్యూటర్‌కి పట్టడం లేదు."

లైబ్రరీ అంటే పుస్తకాలది కాదు, ఏ కంప్యూటర్ తెర మీదైనా కిటికీలూ బటన్లూ గీసిపెట్టే ప్రోగ్రాం ముక్కల మూట. అది లేకపోతే ప్రోగ్రాం ఉన్నా గుడ్డిదే.

ఆసుపత్రి కంప్యూటర్లు చూసుకునే ఈ ఉద్యోగం ఆమెకి కొత్త.

ఇందాక ఊరి బయట మలుపులో రెండు వ్యాన్లు గుద్దుకున్నాయి. దెబ్బలు తగిలిన నలుగురికీ తల స్కాన్ తీశారు. బొమ్మలు ఈ కంప్యూటర్‌లోనే ఉన్నాయి. చూసే దారే లేదు.

"మరిప్పుడు?"

"లైబ్రరీని సోర్సు నుంచి, అంటే దాని అసలు రాత నుంచి, ఇక్కడే తయారు చేయాలి సార్. రెడీమేడ్ చొక్కా పట్టకపోతే గుడ్డ తెచ్చి కుట్టుకున్నట్టు."

"అయితే త్వరగా కుట్టు. పెద్దాసుపత్రికి పంపడానికి ఉన్నది ఒక్క అంబులెన్సు. ముందు ఎవర్ని ఎక్కించాలో బొమ్మ చూస్తేగానీ చెప్పలేను."

డాక్టరు వెళ్ళిపోయాడు. పక్క వార్డులోంచి మూలుగు వినిపించింది. ఆమె చేతులు వణికాయి. పాస్‌వర్డ్ రెండుసార్లు తప్పు కొట్టింది.

"నీళ్ళు తాగు తల్లీ."

ఉలిక్కిపడి చూసింది. ఎవరో పెద్దాయన. చేతిలో గ్లాసు. చొక్కాకి దుమ్ము.

"మీరెవరి తాలూకు?"

"నాకు తెలిసినవాడొకడికి స్కాన్ తీశార్లే."

"ఎలా ఉన్నాడు?"

"ఇప్పటికైతే బాగానే మాట్లాడుతున్నాడు."

ఆయన మూలనున్న కుర్చీలో కూర్చున్నాడు. పొమ్మనడానికి ఆమెకి నోరు రాలేదు. ఒంటరిగా ఉండాలంటే అంతకన్నా భయంగా ఉంది.

కాన్ఫిగర్ మొదలుపెట్టింది. ఏవున్నాయి, ఏవి లేవు అని కంప్యూటర్ తనను తానే తడుముకుంటోంది. ఆగిపోయింది.

"ఏమంటోంది?"

"అక్షరాలు గీసే ముక్క లేదంటోంది."

వెతికి తెచ్చి పెట్టింది. మళ్ళీ నడిపింది. మళ్ళీ లేదనే అంది.

"పెట్టాను కదా! ఎదురుగానే ఉంది కదా!" ఏడుపు ముంచుకొచ్చింది.

"నేనూ అంతే తల్లీ. తాళంచెవి ఒకసారి వెతికి లేదనుకున్నానంటే, నా చేతిలో పెట్టినా లేదనే అంటాను."

నవ్వు రాలేదు గానీ ఆమె వేళ్ళు ఆగాయి. అవును, ఇది మళ్ళీ వెతకడం లేదు. ఇందాకటి జవాబే దాచుకుని అప్పజెబుతోంది. పాత జవాబులున్న ఫోల్డరంతా చెరిపేసింది. మొదటి నుంచీ నడిపింది.

కాన్ఫిగర్ దాటింది.

కంపైల్, అంటే అసలు కుట్టుపని, మొదలైంది. వరసలు వరసలుగా తెర పైకి పాకుతోంది. ఉన్నట్టుండి బిగుసుకుపోయింది. కంప్యూటర్‌కి మెమరీ చాల్లేదు.

"అయిపోయింది," అంది. "ఎవరైనా పోతే నా వల్లే."

"మోయలేకపోతే బరువు దించాలిగానీ, బండి తగలబెట్టుకుంటామా?"

"మీరు కాసేపు మాట్లాడకుండా ఉంటారా!"

"సరే తల్లీ."

లైబ్రరీలో పాటలొద్దు, వీడియోలొద్దు, వెబ్ పేజీలొద్దు. కిటికీ, బటను, బొమ్మ చాలు. మిగతావన్నీ కొట్టేసింది. ఒక్కసారే అన్ని పనులూ పెట్టకుండా, ఒకటి తర్వాత ఒకటి చేయమంది.

నెమ్మదిగా కదిలింది.

తలుపు దబదబా మోగింది. "మా అన్నయ్య అక్కడ చావుబతుకుల్లో ఉంటే, లోపల ఆటలాడుకుంటున్నారా?"

ఆమె కుర్చీలోనే ముడుచుకుపోయింది. పెద్దాయన లేచి తలుపు కొద్దిగా తీశాడు.

"బాబూ, పొయ్యి మీదున్న కుండ మూత తీసి తీసి చూస్తే అన్నం ఉడుకుతుందా? పద, మీ అన్నయ్య దగ్గర కూర్చో. చెయ్యి పట్టుకో."

కేక ఆగింది. ఆయన గోడ పట్టుకుని నిలబడ్డాడు.

"నేను కాస్త బయట కూర్చుంటానమ్మా. నువ్వు కానియ్."

ఆమె తెర మీద నుంచి తల తిప్పలేదు.

సగం దాటింది. ముప్పావు దాటింది. హెచ్చరికలు పసుపు రంగులో వస్తూనే ఉన్నాయి. ఒక్కొక్క దానికీ ఊపిరి బిగబట్టింది. చివరికి ఆగింది. ఎర్రగా ఏమీ లేదు.

ప్రోగ్రాం నొక్కింది.

కిటికీ తెరుచుకుంది. అందులో నల్లగా, బూడిదగా ఒక తల. ఎముక వారగా తెల్లటి మచ్చ.

"సార్!"

డాక్టరు పరుగున వచ్చాడు. చూసి, "లోపల రక్తం కారుతోంది," అంటూ వచ్చినంత వేగంగానే వెళ్ళిపోయాడు. స్ట్రెచర్ చక్రాల చప్పుడు. అంబులెన్సు కూత.

ఆమె లేవలేకపోయింది. మళ్ళీ ఎక్కడ పోతుందోనన్న భయంతో, తయారైన లైబ్రరీని మూడు చోట్ల దాచింది. మిగతా మూడు బొమ్మలూ డాక్టరుకి చూపించింది. వాటిలో భయపడాల్సిందేమీ లేదన్నాడు.

సాయంత్రం బయటికొచ్చింది. నర్సు బెంచీ మీద ఒక్కతే కూర్చుని ఉంది.

"అక్కా, ఇందాక పంపినాయనకి ఎలా ఉందట?"

నర్సు తల అడ్డంగా ఊపింది. "దారిలోనే. కాస్త ముందు వెళ్ళుంటే ఏమోనన్నారు. బాగానే తిరుగుతున్నాడు కదా అని మేమూ పట్టించుకోలేదు."

ఆమె బెంచీ పట్టుకుంది.

"ఆయన తాలూకు మనిషి నాతోనే ఉన్నాడక్కా. ఆ పెద్దాయన. పాపం, తెలుసో లేదో. ఎక్కడున్నాడు? నా తప్పు, నేనే చెప్తాను."

నర్సు ఆమెను పక్కన కూర్చోబెట్టుకుంది.

"ఎవరికి చెప్తావ్ చెల్లీ? తలుపు దగ్గర నిన్ను చూసి, నీ గదిలోకి వచ్చే ముందే, 'ఆ పిల్ల చేతులు ఇప్పటికే వణుకుతున్నాయి, ఆ బొమ్మల్లో ఒకటి నాదేనని మాత్రం చెప్పకు' అని ఆయన నా చేత ఒట్టు వేయించుకున్నాడు."