చెడిన ఫాంటు

సంపత్ ఫైలు తెరిస్తే తెర నిండా డబ్బాలు వచ్చాయి. వరుసగా, ఖాళీగా, కిరాయికి సిద్ధంగా ఉన్న గదుల్లా.

కోదాడ బస్టాండు ఎదుట అతనిది చిన్న డీటీపీ షాపు. ఫైలు పంపింది సౌందర్య, పక్క వీధి బ్యాంకులో పనిచేసే అమ్మాయి. పెళ్లి ఆమెదే.

"కార్డు మీద పిలుపు మాటలన్నా. అమ్మ చెప్తుంటె నేనే కొట్టిన. పేర్లు, ముహూర్తం తర్వాత ఇస్త. ఒక్క అక్షరం మారొద్దు," అని పొద్దున చెప్పి వెళ్లింది. "అక్క పెండ్లి కార్డు సదివి ఇనిపిస్తె అమ్మకు ఒక్క ముక్క సమజ్ కాలె. ఇప్పుడు అక్షరాలు నేర్సుకున్నది. ఈ కార్డు తనే సదవాల్నంట. సాయంత్రం మిర్యాలగూడ బస్సుకొస్తది."

ఫాంటు మార్చాడు. డబ్బాలు పోయాయి. హమ్మయ్య అనుకుని చదివాడు. అక్షరాలన్నీ తెలుగే. మాట ఒక్కటీ కాదు. 'యాడి' అట. 'వాయా' అట.

సౌందర్యకు ఫోన్ చేయబోయి ఆగాడు. ఇన్నేళ్లుగా కార్డులు కొడుతూ, ఫైలు తెరవడం రాలేదంటే ఏం బాగుంటుంది? సూర్యాపేటలో తనకు పని నేర్పిన నాగేందర్‌కు పంపాడు.

"పాత ఫాంటుకెళ్లి యూనికోడ్‌ల మార్చినట్టున్నరు. సగం మారింది, సగం ఖరాబైంది," అన్నాడు నాగేందర్. "గిసొంటివి నాకు రోజూ ఒస్తయి."

"మరిప్పుడు ఏం చేయాలన్నా?"

"న పడాల్సిన కాడ య పడ్డది, సూడు. యాడి కాదది, నాడి. జాతకాలు కలిసినయని రాసుకున్నరు."

"మరి వాయా?"

"వాయిద్యం. తోక తెగింది."

ఒక్క అక్షరం మారొద్దంది. కానీ మారిపోయి వచ్చినవాటిని దారిలో పెట్టడం మార్చడం కాదుగదా అని సంపత్ సర్దిచెప్పుకున్నాడు. ఆ రోజు కరెంటు పోలేదు, అదే పదివేలు. తోకలన్నీ అతికించాడు. అతకనిచోట పాత కార్డుల నుంచి తెచ్చి నింపాడు. 'నాడీబలము కుదిరి, మంగళవాయిద్యముల నడుమ...' చదువుతుంటే అతనికే ముచ్చటేసింది. బంగారు రంగులో నమూనా తీశాడు. సరిచూసుకోడానికి ముందే ప్రింటు తీసుకున్న చెడిన కాగితం మడిచి టీ గ్లాసు కింద పెట్టాడు.

బస్సు ఆలస్యంగా వచ్చింది. అదీ మంచిదే అయింది, నమూనా మీద రంగు ఆరింది.

సౌందర్య వెంట షాపుకొచ్చిన వాళ్లమ్మ కళ్లద్దాలు తుడుచుకుని, వేలు పెట్టి చదవడం మొదలుపెట్టింది. మొదటి వరుస దాటకముందే వేలు ఆగిపోయింది.

"ఇది గూడ పెద్దపిల్ల కార్డు లెక్కనే ఉన్నది బిడ్డా," అంది, తప్పు తనదే అన్నట్టు. "అక్షరం దొరుకుతున్నది. మాట దొరుకుతలేదు."

సౌందర్య సంపత్ వైపు చూసింది.

"నీ ఫైలు మొత్తం చెడిపోయి వచ్చిందమ్మా. బాగుచేసేసరికి నా తల ప్రాణం తోకకొచ్చింది. నువ్వే చూడు," అంటూ గ్లాసు జరిపి, మడత విప్పి కాగితం చూపించాడు. మధ్యలో గుండ్రంగా టీ మరక.

ఆ కాగితం తల్లి అందుకుంది. వేలు మళ్లీ కదిలింది. 'యాడి' దగ్గర నవ్వింది. 'వాయా' దగ్గర కొంగుతో కళ్లు ఒత్తుకుంది. ఆగకుండా చివరిదాకా చదివి, మళ్లీ మొదటికి వచ్చింది.

సంపత్‌కు మతిపోయింది. "ఇంత చెడిన ఫాంటు మీ అమ్మ ఎట్టా చదివిందమ్మా?"

"ఫాంటుకేం కాలేదన్నా," అంది సౌందర్య, "యాడి అంటే అమ్మ, వాయా అంటే పెండ్లి. అది మా లంబాడీ."